యమున దాటిన గీత

ఢిల్లీలో గురు తేగ్ బహదూర్ నగర్ మెట్రో స్టేషన్ దిగి ముఖర్జీ నగర్ వైపు నడిస్తే, బత్రా సినిమా దగ్గరికి వచ్చేసరికి దారంతా పుస్తకాలతో ఇరుకైపోతుంది. సివిల్స్‌కు చదివే పిల్లలు దేశం నలుమూలల నుంచీ వచ్చి ఇక్కడి ఇరుకు గదుల్లో ఏళ్ళకేళ్ళు గడుపుతారు. ప్రతి దుకాణంలోనూ కనబడే పుస్తకం ఒకటుంది. హైదరాబాద్‌లో పాఠాలు చెప్పిన లక్ష్మీకాంత్ రాసిన పాలిటీ పుస్తకం అది. నియోజకవర్గాల పునర్విభజన గురించి చదివేటప్పుడు పిల్లలు 1952, 1962, 1972, 2002 అని నాలుగు సంవత్సరాలు వల్లెవేస్తారు. ఆ సంవత్సరాల వెనకున్న కథ తామున్న వీధిలోంచే నడిచి వెళ్ళిందని చాలామందికి తెలియదు.

ముందు ఒక చిక్కుప్రశ్న. ముఖర్జీ నగర్ తిమార్‌పూర్ శాసనసభ స్థానంలో ఉంది. లోక్‌సభకు వచ్చేసరికి అది ఈశాన్య ఢిల్లీ. అంటే యమునకు ఈ ఒడ్డున ఉన్న ఈ పేట, ఆ ఒడ్డున ఉన్న సీలంపూర్, బాబర్‌పూర్‌లతో కలిసి ఒకే ఎంపీని ఎన్నుకుంటుంది. పక్కనే ఉన్న మోడల్ టౌన్ మాత్రం చాందినీ చౌక్ లోక్‌సభ స్థానంలో ఉంది. చాందినీ చౌక్ అంటే ఎర్రకోట ఎదుటి బజారు. మోడల్ టౌన్ నుంచి మెట్రోలో ఆరో స్టేషన్. పొరుగు పేట పాతబస్తీతో, మన పేట నది అవతలి ఊళ్ళతో! ఈ గీత ఎవరు గీశారు, ఎందుకిలా గీశారు?

జవాబు కోసం 1947 దాకా వెనక్కి వెళ్ళాలి.

ముఖర్జీ నగర్ పక్కనే కింగ్స్‌వే క్యాంప్ ఉంది. దేశ విభజన తర్వాత ఢిల్లీలో వెలసిన శరణార్థి శిబిరాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. లాహోర్, ముల్తాన్, రావల్పిండిల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్ళు గుడారాల్లో, పాత సైనిక బారకాసుల్లో తలదాచుకున్నారు. 1941లో 9,17,939 మంది ఉన్న ఢిల్లీ 1951 నాటికి 17,44,072 మందికి చేరింది. పదేళ్ళలో ఊరు దాదాపు రెండింతలైంది.

సరిగ్గా అప్పుడే, రాజ్యాంగం ఇంకా పూర్తికాకముందే, రాజ్యాంగ సభ కార్యాలయం ఒక సాహసానికి దిగింది. వయోజనులందరికీ ఓటు ఇవ్వబోతున్నారు కాబట్టి ఓటర్ల జాబితా ముందే సిద్ధం చెయ్యాలని 1948లో రాష్ట్రాలకు ఉత్తరాలు రాసింది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు ఆ పనికి పెద్ద దిక్కు. జాబితాలో పేరు ఉండాలంటే ఒక చోట ఇన్ని రోజులు నివాసం ఉండాలన్నది నియమం. గుడారంలో ఉన్నవాడికి నివాసం ఎక్కడిది? నిన్న వచ్చినవాడు ఆర్నెల్ల లెక్క ఎలా చూపిస్తాడు? నియమాన్ని అక్షరాలా పాటిస్తే లక్షలమంది తమ దేశంలోనే ఓటు లేనివాళ్ళై మిగిలిపోతారు. శరణార్థి సంఘాల నుంచి అర్జీల మీద అర్జీలు వచ్చాయి. చివరికి దొరికిన దారి ఎంత సులువైనదో చూడండి: ఎన్నాళ్ళుగా ఉంటున్నారని అడగొద్దు, ఇక్కడే స్థిరపడతామని శరణార్థి చెబితే చాలు, పేరు రాసుకోండి అన్నారు. మనిషి మాటనే ఆధారంగా తీసుకుని హక్కు ఇచ్చిన ఆ నిర్ణయాన్ని మన ప్రజాస్వామ్యపు గొప్ప ఆవిష్కరణల్లో ఒకటిగా నేను లెక్కపెడతాను.

పేర్లు దొరికాయి. ఇక గీతలు గీయాలి. రాజకీయాల్లో మనిషికి ఒక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ అన్న సూత్రాన్ని గుర్తిస్తున్నామని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో అన్న మాట అందరి చెవుల్లోనూ ఉంది. బరువు ఒక్కటి కావాలంటే ప్రతి నియోజకవర్గంలోనూ జనం ఇంచుమించు సమానంగా ఉండాలి. వినడానికి బడిపిల్లల భాగాహారం లాంటి లెక్క. అది కుదరడానికి ఢిల్లీకి 56 ఏళ్ళు పట్టింది.

మొదటి ప్రయత్నం 1952 ఎన్నికలది. అప్పుడు ఢిల్లీకి మూడు నియోజకవర్గాలు, నలుగురు ఎంపీలు. న్యూఢిల్లీ నుంచి సుచేతా కృపలానీ గెలిచారు. పాతబస్తీ ఉన్న ఢిల్లీ సిటీ నుంచి రాధా రమణ్ గెలిచారు. ఔటర్ ఢిల్లీ ఒక్కటే ఇద్దరిని పంపింది, ఎందుకంటే అది ద్విసభ్య నియోజకవర్గం. ఒక జనరల్ స్థానం, ఒక రిజర్వుడు స్థానం ఒకే హద్దులో ఉంటాయి, ఓటరు రెండు ఓట్లు వేస్తాడు. షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు చోటు దక్కాలి, విడిగా గీతలు గీసే తీరిక లేదు కాబట్టి ఈ ఉపాయం ఆలోచించారు.

1957లో సిటీ స్థానాన్ని విడదీశారు. చాందినీ చౌక్, ఢిల్లీ సదర్ అనే రెండు చిన్న పట్టణ నియోజకవర్గాలు పుట్టాయి. రాధా రమణ్ చాందినీ చౌక్‌కు తొలి ఎంపీ అయ్యారు. అంతకుముందు ఢిల్లీ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా పనిచేసిన చౌధరీ బ్రహ్మ్ ప్రకాశ్ సదర్‌లో గెలిచారు.

ద్విసభ్య ఉపాయం మాత్రం అదే 1957లో మన ఉత్తరాంధ్రలో ఎదురుతిరిగింది. పార్వతీపురం ద్విసభ్య స్థానంలో వి.వి. గిరి పోటీ చేశారు. అక్కడ ఒక స్థానం షెడ్యూల్డ్ తెగలది. లెక్క తేలేసరికి రిజర్వుడు స్థానంతో పాటు జనరల్ స్థానం కూడా తెగల అభ్యర్థికే దక్కింది. జనరల్ స్థానం గెలిచిన ఆ అభ్యర్థి డిప్పల సూరిదొరకు గిరి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఇది చెల్లదని గిరి కోర్టుకెక్కారు. రిజర్వేషన్ ఒక రక్షణ మాత్రమే, జనరల్ స్థానంలో గెలవకుండా అది ఎవరికీ అడ్డుగోడ కాదని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. గిరి ఓడిపోయారు. పదేళ్ళ తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు, అది వేరే కథ. తీర్పు న్యాయమైనదే, చిక్కంతా పద్ధతిలోనే ఉంది. ఇద్దరు సభ్యులు, రెండింతల విస్తీర్ణం, ఓటరుకు గందరగోళం, ఇవన్నీ చేరి ఆ పద్ధతికి కాలం చెల్లింది. 1961 చట్టంతో ద్విసభ్య నియోజకవర్గాలు పోయాయి. ఢిల్లీలో ఔటర్ నుంచి విడిపోయి కరోల్ బాగ్ రిజర్వుడు స్థానమైంది.

1967కు ఢిల్లీ స్థానాలు ఐదు నుంచి ఏడుకు పెరిగాయి. 1971 జనగణనలో ఢిల్లీ జనాభా 40,65,698. ఏడుతో భాగిస్తే స్థానానికి ఐదు లక్షల ఎనభై వేల చిల్లర. కొత్త పునర్విభజనలో ఆ లెక్కకు దగ్గరగా గీతలు గీశారు. సమస్య తీరిపోయిందనే అందరూ అనుకుని ఉంటారు.

ఈలోగా చాందినీ చౌక్ పొరుగున ఉన్న ఢిల్లీ సదర్‌లో ఇంకో చిక్కు బయటపడింది. ఓటు బరువు గీతతోనే కాదు, డబ్బుతోనూ మారుతుంది. 1971 ఎన్నికల్లో ఈ టోకు వ్యాపారుల నియోజకవర్గంలో జనసంఘ్ అభ్యర్థి కన్వర్‌లాల్ గుప్తా కాంగ్రెస్ అభ్యర్థి అమర్‌నాథ్ చావ్లా చేతిలో ఓడిపోయారు. చట్టం పెట్టిన ఖర్చు పరిమితిని చావ్లా దాటారని గుప్తా హైకోర్టులో కేసు వేశారు. అభ్యర్థి చూపిన లెక్కలు పరిమితిలోపే ఉన్నాయి. కానీ ఆయన కోసం పార్టీ పెట్టిన ఖర్చు సంగతేమిటి? హైకోర్టులో గుప్తా ఓడిపోయారు. ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

మూడేళ్ళకు పైగా సాగిన ఆ పోరాటం 1974 అక్టోబర్ 3న ఫలించింది. అభ్యర్థికి తెలిసి, అతడు కాదనకుండా పార్టీ అతని కోసం పెట్టిన ఖర్చు అతని ఖర్చే అని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. పరిమితి పెట్టిందే ధనికుడికీ పేదకూ మధ్య పోటీ సమంగా ఉండాలని, పార్టీ సంచీలోంచి తీస్తే లెక్కలోకి రాదంటే ఆ పరిమితికి అర్థమే లేదని దాని సారాంశం. చావ్లా ఎన్నిక రద్దయింది. పదహారు రోజులు తిరక్కుండానే, అక్టోబర్ 19న, ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. పార్టీలు, మిత్రులు పెట్టే ఖర్చు అభ్యర్థి ఖర్చు కిందికి రాదని చట్టాన్ని మార్చేసింది. అప్పటికే సుప్రీంకోర్టు రద్దు చేసిన ఎన్నికను మాత్రం అది తాకలేదు కాబట్టి చావ్లా స్థానం పోయింది. గుప్తా 1977లో అదే సదర్ నుంచి మళ్ళీ గెలిచి సభకు వెళ్ళారు. మిత్రుల ఖర్చుకు ఇచ్చిన ఆ మినహాయింపును తీసివేయడానికి 2003 దాకా ఆగవలసి వచ్చింది. ఇప్పుడున్న చట్టంలో మినహాయింపు పార్టీ నాయకుల ప్రచార ప్రయాణాలకే. ఒక చిన్న బజారు నియోజకవర్గం లేవనెత్తిన ప్రశ్న దేశాన్ని ఇరవై తొమ్మిదేళ్ళు వెంటాడింది.

మళ్ళీ గీతల దగ్గరికి వద్దాం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదన్న ఉద్దేశంతో, 2000 తర్వాతి జనగణన వరకు పునర్విభజన ఆపేశారు. రాష్ట్రాల మధ్య పంపకం ఆపడానికి కారణం ఉంది, దక్షిణాదివాళ్ళకు అది బాగా తెలుసు. కానీ దానితో పాటు ఒకే ఊళ్ళోని హద్దులు కూడా బిగుసుకుపోయాయి. ఆ తప్పు ఢిల్లీకి తగిలినంత గట్టిగా ఇంకెక్కడా తగల్లేదని నా అభిప్రాయం.

గీతలు కదలకుండా ఉన్నాయి, మనుషులు కదిలారు. అత్యవసర పరిస్థితి రోజుల్లో తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్ళు కూల్చి అక్కడివాళ్ళను యమున అవతలికి తరలించారు. జహంగీర్‌పురి, మంగోల్‌పురి, సుల్తాన్‌పురి లాంటి పునరావాస కాలనీలు ఊరి అంచున వెలిశాయి. ఆ తర్వాత రోహిణి వచ్చింది. పాతబస్తీలో ఇళ్ళు గోదాములయ్యాయి, కుటుంబాలు బయటికి వెళ్ళిపోయాయి. చాందినీ చౌక్ నియోజకవర్గం 10.59 చదరపు కిలోమీటర్లలో ఉండిపోయి, దేశంలోనే అతి చిన్న లోక్‌సభ స్థానంగా పేరు మోసింది. ఒక చివర బయల్దేరితే మధ్యాహ్నం భోజనంలోపు ఇంకో చివరకు నడిచి చేరవచ్చు.

ఆ చిన్న గీత లోపల రాజకీయం మాత్రం ఎప్పుడూ చిన్నది కాదు. 1962లో బలరాంపూర్‌లో వాజ్‌పేయిని ఓడించిన సుభద్రా జోషి 1971లో ఇక్కడి నుంచి గెలిచారు. విభజన అల్లర్లలో ఇదే ఢిల్లీ వీధుల్లో శాంతి కోసం తిరిగిన మనిషి ఆమె. 1977లో సికందర్ బఖ్త్ ఆమెను ఓడించారు. తర్వాత జయప్రకాశ్ అగర్వాల్ మూడుసార్లు, విజయ్ గోయల్ రెండుసార్లు గెలిచారు. 2004లో కపిల్ సిబల్ స్మృతి ఇరానీని ఓడించారు. అప్పటికి చాందినీ చౌక్‌లో ఓటర్లు నాలుగు లక్షలు కూడా లేరు. అదే ఊళ్ళో ఔటర్ ఢిల్లీ ఓటర్లు 33 లక్షలు దాటారు. ఆ ఏడాది ఔటర్‌లో గెలిచిన అభ్యర్థి ఒక్కడికే ఎనిమిది లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, అంటే చాందినీ చౌక్ ఓటర్లందరికీ రెండింతలు! పాతబస్తీ ఓటు ఒకటి, ఊరి అంచున ఉన్న పునరావాస కాలనీ ఓట్లు ఎనిమిదికి పైగా సమానం. పాతబస్తీలోంచి బలవంతంగా బయటికి పంపినవాళ్ళ ఓటు బరువు కూడా ఆ గీతతోపాటే తరిగిపోయింది.

ఇలాంటి చిక్కు మనకొక్కరికే రాలేదు. ఇంగ్లండులో ఓల్డ్ సారమ్ అనే పాడుపడిన దిబ్బ ఇద్దరు ఎంపీలను పంపేది, అక్కడ ఓటర్లు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. మాంచెస్టర్ లాంటి మహానగరానికి సొంత ఎంపీయే లేడు. 1832 సంస్కరణ చట్టం దాన్ని సరిదిద్దింది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం 1901 తర్వాత శాసనసభ గీతలు మార్చకుండా కూర్చుంటే, చార్ల్స్ బేకర్ అనే ఆయన కోర్టుకెక్కాడు. 1962లో అక్కడి సుప్రీంకోర్టు ఇది తాము విచారించదగ్గ విషయమే అంది, రెండేళ్ళలో జనాభా సమానత్వం రాజ్యాంగ సూత్రమైంది. మన దగ్గర కోర్టు దారి దాదాపు మూసి ఉంది. నియోజకవర్గాల హద్దులను కోర్టుల్లో ప్రశ్నించడానికి 329వ అధికరణం సాధారణంగా ఒప్పుకోదు. మార్పు పార్లమెంటు నుంచే రావాలి.

వచ్చింది. 2001లో 84వ సవరణ రాష్ట్రాల సీట్ల సంఖ్యను 2026 తర్వాతి జనగణన దాకా కదపకుండా ఉంచి, రాష్ట్రం లోపలి గీతలను మాత్రం మార్చవచ్చంది. 2002 జులైలో జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పునర్విభజన సంఘం ఏర్పడింది. పర్యావరణ తీర్పులతో పేరు పొందిన విశ్రాంత న్యాయమూర్తి ఆయన. అయితే చట్టంలో ఒక మెలిక ఉంది. కొత్త గీతలకు ఆధారం 1991 జనగణన.

1991లో ఢిల్లీ జనాభా 94,20,644. 2001లో 1,38,50,507. పాత లెక్కతో గీస్తే 44 లక్షలమంది, అంటే ఒక మహానగరమంత జనం, కాగితం మీద లేనట్టే. కష్టపడి గీసిన గీత పుట్టిన రోజే పదేళ్ళు పాతబడి ఉండేది. ఇక్కడే అదృష్టం తోడొచ్చింది. సంఘం పనిలో పడేసరికి 2001 జనగణన వివరాలు ఒక్కొక్కటిగా వెలువడుతున్నాయి. కొత్త లెక్క చేతికి అందుతుండగా పాతది పట్టుకోవడమెందుకన్న వాదన గెలిచింది. 2003లో 87వ సవరణ వచ్చి 1991 స్థానంలో 2001 అని మార్చింది. చేసిన పని పక్కన పెట్టి సంఘం మళ్ళీ మొదటికి వచ్చింది. కొన్నేళ్ళు ఆలస్యమైంది. నన్నడిగితే ఈ కథలో అంత మంచి ఆలస్యం ఇంకొకటి లేదు.

ఇప్పుడు భాగాహారం చేయండి. 1,38,50,507ను ఏడుతో భాగిస్తే 19,78,644. డెబ్భైతో భాగిస్తే 1,97,864. ఢిల్లీకి 1993 నుంచి డెబ్భై మంది సభ్యుల శాసనసభ ఉంది. ఏడు పదులు డెబ్భై కాబట్టి ఒక్కో లోక్‌సభ స్థానానికి సరిగ్గా పది శాసనసభ స్థానాలు. లెక్క అంత అందంగా కుదిరింది. ఊరు మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. జనగణన బ్లాకులను ఒకదానికొకటి తగిలేలా కలుపుతూ పోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా కూర్చుని మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. ముసాయిదా గెజెట్‌లో వేసి, జనం ముందు విచారణ పెట్టి, అభ్యంతరాలు వినాలి.

పాతబస్తీలోని శాసనసభ స్థానాలు చాందినీ చౌక్, మటియా మహల్, బల్లీమారాన్, వాటి పక్కన సదర్ బజార్ కలిపినా నాలుగే. చాందినీ చౌక్ లోక్‌సభ స్థానానికి పది కావాలి. గీత వాయవ్యానికి పాకింది. మోడల్ టౌన్, వజీర్‌పూర్, త్రినగర్, శకూర్ బస్తీ, షాలిమార్ బాగ్, ఆదర్శ్ నగర్ చేరాయి. ఢిల్లీ సదర్ అనే పేరే లోక్‌సభ పటం మీంచి చెరిగిపోయింది, దానితో పాటు కరోల్ బాగ్, ఔటర్ ఢిల్లీ కూడా. యమున అవతల జనం ఎంత కిక్కిరిసినా కొత్త ఈశాన్య ఢిల్లీకి పది నిండాలంటే ఈ ఒడ్డు నుంచి రెండు కలపవలసి వచ్చింది. అవే బురాడీ, తిమార్‌పూర్. తిమార్‌పూర్‌తోపాటు ముఖర్జీ నగర్ కూడా నది దాటింది. 2008 ఫిబ్రవరి 19న రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆ గీతలు అమల్లోకి వచ్చాయి. రెండు ఒడ్డులనూ కలిపే సిగ్నేచర్ బ్రిడ్జి పదేళ్ళ తర్వాత, 2018 నవంబరులో, తెరుచుకుంది. వంతెన కంటే ముందు గీత కట్టారన్నమాట.

2009లో ఆ గీతతోపాటే జయప్రకాశ్ అగర్వాల్ కూడా కదిలారు. చాందినీ చౌక్ పాత ఎంపీ కొత్త ఈశాన్య ఢిల్లీలో నిలబడి గెలిచారు. పేరు మిగిలి ఒళ్ళంతా మారిన చాందినీ చౌక్‌లో సిబల్ మళ్ళీ గెలిచారు.

ఈ కథ అక్కడ ఆగలేదు, ఎందుకంటే ఊరు ఆగదు. 2024 ఎన్నికల నాటికి న్యూఢిల్లీ స్థానంలో ఓటర్లు 15 లక్షల చిల్లర, పశ్చిమ ఢిల్లీలో 25 లక్షలు దాటారు. అదే 2008 ఉత్తర్వుతో పుట్టిన మన మల్కాజిగిరిలో 37 లక్షలు దాటి, అది దేశంలోనే అత్యధిక ఓటర్లున్న స్థానమైంది. హైదరాబాద్ శివారు ఇప్పుడు నాటి ఔటర్ ఢిల్లీ దారిలోనే నడుస్తోంది.

రాబోయే గీతలకు ఆధారమయ్యే జనగణనకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. దాని ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ముఖర్జీ నగర్ గదుల్లో ఉన్న పిల్లలకు ఒక్క మాట. మీలో చాలామంది ఓటు సొంతూళ్ళోనే ఉంది. చదువుకుంటున్న చోట ఉంటూ ఇక్కడా నమోదు చేసుకోవచ్చు, రెండు చోట్ల మాత్రం కూడదు, అది మీ ఇష్టం. కానీ లెక్కలు రాసేవాళ్ళు తలుపు తట్టినప్పుడు పుస్తకం పక్కన పెట్టి లేవండి. గదిలో ఎంతమంది ఉంటున్నారో అందరి పేర్లూ చెప్పండి.